వియ్యపురాలికి ఒక గది

కృపమణి ఇంట్లో వంటింటి పక్కన చిన్న గది ఒకటుంది. వేరుశనగ కాయల మూటలు, అరిగిపోయిన పారలు, కోడు విరిగిన మంచం, వీటన్నిటి మధ్య ఎలుకలు. గండికోటకు పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ పల్లెలో చుట్టాలొస్తే ఆరుబయట మంచం వాల్చడమే మర్యాద. చుట్టాల కోసమని ఒక గది ఉండాలన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు, కోడలు ప్రణీత ఆ ఫోను మాట్లాడేదాకా.

కృపమణి కొడుకు క్రాంతి కుమార్ కర్నూలులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. ప్రణీత పరిచయమైందీ, పెళ్లి జరిగిందీ అక్కడే. వీళ్లు తరాలుగా చర్చికి పోయే కుటుంబం. ప్రణీత వాళ్లది మైదుకూరు దిక్కు మగ్గం నేసే ఇల్లు. పెళ్లికి ఆ పిల్ల తరఫున ఒక్కరూ రాలేదు. ఇప్పుడామెకు ఏడో నెల. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. తండ్రి సుబ్బన్నకు కోపం దిగలేదు కాబట్టి పుట్టింటికి పోలేక అత్తగారింటికొచ్చింది.

ఆరోజు ఫోను పెట్టేసి ప్రణీత కళ్లు తుడుచుకుంది. "అత్తా, అమ్మ వస్తాందంట. రెండు దినాలుండి పోతాదంట."

కృపమణికి సంతోషం కంటే ముందు దిగులు పట్టుకుంది. కూతురు మెట్టిన ఇంటికి తొలిసారి వస్తున్న మనిషి. ఆమెను వాకిట్లో పడుకోబెడతారా?

"ఆ గది బాగుచేద్దామయ్యా," అంది భర్తతో.

లేవి బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో కూలి. "ఆస్పత్రి ఖర్చులు ముందరుండాయి. ఇప్పుడు గదికి పెట్టేదానికి మనకాడ ఏముండాది?" అన్నాడు.

"కొనేది వద్దులే. ఉండేదాంతోనే చేద్దాం."

మూటల్ని అటక మీదికి ఎక్కించారు. గోడలకు సున్నంలో కాస్త నీలిమందు కలిపి కృపమణే కొట్టింది. మట్టినేల గుంతలు పడి ఉంటే, ఫ్యాక్టరీలో పారేసే బండ ముక్కల్ని లేవి అడిగి తెచ్చాడు. సాయంత్రం పని నుంచి వస్తూ మోపెడ్ మీద పెట్టుకొచ్చినన్ని తెచ్చేవాడు. నల్లవి, పసుపువి, మూల విరిగినవి. కృపమణి వాటిని వాకిట్లో పరచుకుని, ఏ ముక్క పక్కన ఏది ఇముడుతుందో చూసుకునేది. లేవి పరిచాక చూస్తే, నల్ల ముక్కలన్నీ అంచులకు చేరి, చీర పరిచినట్టుంది నేల.

"నువ్వు ఫ్యాక్టరీకి రావాల్సింది," అన్నాడు లేవి.

పాత చీరలతో మెత్తగా బొంత కుట్టింది. చర్చికి కట్టుకుని కట్టుకుని పలచబడిన తెల్లచీర కిటికీ తెర అయింది. మంచానికి కొత్త కోడు వేసి లేవి నవారు బిగించాడు. తమ గదిలోని ఫ్యాను కూడా అక్కడికే పోయింది. గోడ గూటి పైన బైబిలు వాక్యాల క్యాలెండరు ఒకటి వేలాడుతోంది. కృపమణి దాన్ని తీసి గూడు తుడిచి ఖాళీగా పెట్టింది.

"అది ఎందుకు తీస్తాండావు?" లేవి నొచ్చుకున్నట్టు అడిగాడు.

"మన గదిలో పెడతా. పొద్దున లేస్తానే ఆమె ఆమె దేవునికి దండం పెట్టుకోవాల కదయ్యా. మనం పోయినచోట మనకు ప్రార్థనకు తావుంటే ఎంత బాగుంటాది!"

లేవి క్యాలెండరు తానే తీసుకుపోయి తమ గదిలో మేకుకు తగిలించాడు.

ప్రణీత తల్లి చౌడమ్మ బస్సు దిగి, ముందు కూతురి కడుపు మీద చెయ్యి పెట్టింది. తర్వాత కృపమణి వైపు తిరిగి, "బాగుండారామ్మా?" అంది, బ్యాంకులో ఎవర్నో పలకరించినట్టు. గది చూసి, "ఇంత శ్రమ ఎందుకు పడినారు?" అంది. అంతే. అన్నం కొంచెమే తిన్నది. రాత్రి కృపమణి, "నచ్చలేదేమో," అని భర్త దగ్గర బాధపడింది. "కొత్త గదా," అన్నాడు లేవి.

మరుసటి రోజు మధ్యాహ్నం చౌడమ్మ పడుకుని ఉండగా మబ్బు పట్టింది. ఎన్నాళ్లుగానో చుక్క లేదు. నేలకు, గోడలకు అంత చేసినవాళ్లు నీళ్లు దిగకుండా మిద్దె మీద కొత్తగా చౌడు మన్ను పరచడం మరిచారు. వాన దబదబా దిగింది. మిద్దె కారి, ఒక ధార సరిగ్గా బొంత మీద పడింది.

కృపమణి గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె ముఖం వెలవెలబోయింది. "అయ్యో, మన్నించమ్మా..."

చౌడమ్మ అప్పటికే లేచి మంచం ఒక కొస పట్టుకుంది. "నిలబడి చూస్తాండావేం వదినె? ఆ పక్క పట్టు!" అని నవ్వేసింది. "మా ఇంట్లో వానొస్తే మగ్గం గుంతలోకే కారుతాది. మా ఆయన గొడుగేసుకొని నేస్తాడు, తెల్సా?"

వదినె అనే మాట విని, పట్టుకున్న మంచం దించడం కూడా మరిచి నిలబడిపోయింది కృపమణి. తర్వాత ఇద్దరూ మంచం మీద కూర్చుని గిన్నెలో పడే చుక్కల్ని చూస్తూ టీ తాగారు. ఈ వానకు తమ వేరుశనగ చేను కోలుకుంటుందని కృపమణి చెప్పింది. ఆ నేల ఎవరు అమర్చారని చౌడమ్మ అడిగింది. "నేనే" అంటే నమ్మలేదు. వంగి, నల్ల అంచును చేత్తో తడిమి చూసింది. ఆ సాయంత్రం సంచిలోంచి చౌడేశ్వరి పటం తీసి గూట్లో పెట్టుకుంది. మారు అన్నం అడిగి వేయించుకుంది.

రెండు దినాలన్నది వారం దాటింది. పొద్దున ఇద్దరు ఆడవాళ్లూ చింతచిగురు దూసుకొచ్చేవాళ్లు. మధ్యాహ్నం పుట్టబోయే బిడ్డకు పాత నూలుగుడ్డలు కత్తిరించేవాళ్లు. సుబ్బన్న ఫోను చేశాడు.

"ఎప్పుడొస్తావే? ఈడ మగ్గానికి నూలు కండెలు చుట్టేవాళ్లు లేరు."

"నువ్వే వచ్చి పిల్చుకోని పో," అని చౌడమ్మ పెట్టేసింది.

ఆదివారం కృపమణి వాళ్లు చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి సుబ్బన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూసి, "ఏమ్మా, చిక్కిపోయినావే," అన్నాడు. ప్రణీత ఏడుస్తూ నవ్వింది. లేవి నీళ్లిచ్చి, "రాప్పా, లోపల చల్లగుండాది," అని పిలిచాడు. సుబ్బన్న కాసేపు గడపలోనే ఆగి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కోడికూరతో కడుపునిండా తిని, కాస్త నడుము వాలుస్తానని ఆ గదిలోకి పోయాడు.

మైదుకూరు బస్సు వేళ అయిందని చౌడమ్మ రెండుసార్లు పిలిచింది. ఫ్యాను గాలికి గురకపెట్టి నిద్రపోతున్నాడాయన.

"పండుకోనీలే వదినె," అంది కృపమణి. "రేపు పోదురు."