నిచ్చెన వేసి కట్టిన కొప్పు

మొన్న మనవరాలు స్కూల్ ప్రోగ్రాం కోసం జుట్టంతా పైకెత్తి కొప్పు కట్టుకుని హెయిర్ స్ప్రే కొడుతుంటే, ఆ ఘాటుకు నాకు దగ్గొచ్చింది. దగ్గు వెనకే మార్తమ్మ గారు గుర్తొచ్చారు, ఆవిడ వెనకే ఆవిడ నేర్పిన కోపం. నలభై ఏళ్ళు దాటినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

డెబ్బైల చివర్లో, అమెరికాలోని శాంటా క్లారాలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో నాకు సాయంత్రం షిఫ్టు ఉద్యోగం దొరికింది. యంత్రాల దగ్గర చీర కుదరదు, ప్యాంటే వేసుకోవాలి. మా ఆయనకు మొదట్లో ఉద్యోగంతో పేచీ లేదు, ప్యాంటుతోనే. "మన చర్చివాళ్ళెవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అనేవారు. అందుకని ఇంట్లోంచి చీరలో బయలుదేరి, బస్సు దిగి, పబ్లిక్ లైబ్రరీ బాత్రూంలో ప్యాంటులోకి మారేదాన్ని. షిఫ్టుకు ఇంకా టైముండేది కాబట్టి ఏదో ఒక పుస్తకం తెరిచేదాన్ని. ఇంటర్ తప్పిన నాకు ఈరోజు తెలిసిందంతా అలా చదువుకున్నదే. గర్వంగానే చెబుతున్నాను.

మార్తమ్మ గారు గుంటూరు నుంచి వచ్చిన నర్సు, మా తెలుగు చర్చిలో అందరికంటే పెద్దావిడ. ఒకరోజు లైబ్రరీ బాత్రూంలో చీర మడతపెడుతూ ఆవిడకు దొరికిపోయాను.

"ఏంటమ్మాయ్, ఇక్కడేమన్నా లాండ్రీ ఓపెన్ చేశావా?"

విషయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. బయటికొచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నారు. నేను చదువుతున్నది పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి అచ్చుబొమ్మల పుస్తకం. ఒక బొమ్మలో దొరసాని కొప్పు ఇంటి చూరంత ఎత్తుంది. దాన్ని సర్దడానికి ఒకాయన నిచ్చెనెక్కాడు.

"చూడండక్కయ్యగారూ, ఆ కాలం ఆడవాళ్ళకి ఎంత పిచ్చో!"

ఆవిడ పేజీ తిప్పారు. ఇంకో దొరసాని, నడుముకి రెండు పక్కలా పరుచుకున్న గౌను.

"ఇది చూడు. లేసు, కుచ్చులు, చెప్పులు, అన్నీ వివరంగా వేశాడు. చూసి కుట్టించుకోమని వేసిన బొమ్మ ఇది. ఆ నిచ్చెన బొమ్మ వెక్కిరించడానికి వేసింది. నిచ్చెన వేసి కొప్పు కట్టించుకునేవాళ్ళు ఎక్కడన్నా ఉంటారా? రెండింటినీ కలిపి 'ఆడవాళ్ళ ఆడంబరం' అని చాప్టర్ రాసేశాడు ఈ మహానుభావుడు. నువ్వు నమ్మేశావు. బొమ్మ చూసినప్పుడు ముందు ఒకటడుగు: వేసిందెవరు, నవ్వేదెవరు?"

ఎప్పుడో చచ్చిపోయిన ఆ ఆడవాళ్ళ తరఫున నాకు ఒళ్ళు మండింది. అంత లావు పుస్తకం రాసినవాడికి ఆ మాత్రం తేడా తెలియదా? తెలిసే రాశాడా?

ఆ క్రిస్మస్‌కి చర్చి హాల్లో మగవాళ్ళు నాటిక వేశారు. ఉద్యోగం చేసే భార్య వేషంలో ఒకతను విగ్గు పెట్టి, దాని మీద డబ్బాడు స్ప్రే కొట్టి, బిగుతు ప్యాంటులో తిప్పుకుంటూ వచ్చాడు. మొగుడితో అంట్లు తోమిస్తున్నాడు. హాలంతా ఒకటే నవ్వు. మా ఆయన నా చెవిలో, "చూశావుగా, జనవరిలో జాబ్ క్విట్ చెయ్" అన్నారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ముందు వరసలోంచి మార్తమ్మ గారు లేచారు.

"బాబూ, మొన్న కడుపునొప్పని ఎమర్జెన్సీకి వచ్చావు గుర్తుందా? నీకు సెలైన్ పెట్టిన ఆడది ప్యాంటులోనే ఉంది. నేనే. అప్పుడు నవ్వు రాలేదే?"

వేషగాడు విగ్గు తీసేశాడు. "జోక్ చేశామండీ ఆంటీ, సీరియస్‌గా తీసుకోకండి."

"జోకే. ఎవరి మీద?"

నాటిక అక్కడితో ఆగింది. పిల్లల చేత గబగబా పాట పాడించారు.

సోమవారం నేను మా ముందు గదిలోంచే, ప్యాంటుతో, మా ఆయన చూస్తుండగా బయటికి నడిచాను. లైబ్రరీకి వెళ్ళడం మాత్రం మానలేదు, బాత్రూంతో పని లేకుండా.

మార్తమ్మ గారు పోయి చాలాకాలమైంది. పెళ్ళాల మీద బొమ్మల జోకులు ఇప్పుడు ఫోన్లోకి వస్తున్నాయి. నిన్న మా చర్చి గ్రూపులో ఒకటి పడింది, కింద వరసగా నవ్వు ముఖాలు. "వేసిందెవరు, నవ్వేదెవరు?" అని తెలుగులోనే టైప్ చేసి పెట్టాను. రేపు ఇంకొకటి వస్తే మళ్ళీ అడుగుతాను.