రోజుకో బండ దగ్గరగా

మా బంగారు అంగడిలో నగలకు ఫొటోలు తీసే మామ పోయిన నెల ఒక సోమవారం పొద్దున జమ్మలమడుగులో, తన ఇంట్లోనే కన్నుమూశాడు. ప్రొద్దుటూరులో మేం అప్పుడే షట్టర్ ఎత్తాం. ఆయన కూతురు ఫోన్ చేసి, "మీ మామ పాయె, పాపా" అని ఒక్క మాట అంది. మాకు చుట్టరికమేమీ లేదు. ఎనిమిదేళ్లు పక్కపక్కన పనిచేశాం, అంతే. నగను ఫొటో తీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఈ నాలుగు మాటలు రాస్తున్నది నగల గురించి కాదు.

నాకు సాలెపురుగంటే చచ్చేంత భయం. బాత్రూంలో ఒకటి కనబడితే ఆ రోజుకు స్నానం బంద్. ఆయనకేమో అదే పిచ్చి. అది మొదలైన తీరు కూడా విచిత్రమే. ఒకసారి పులివెందులలోని ఒకామెకు బుట్టకమ్మల ఫొటో పంపాడు. కాసేపటికి ఆమె ఫోన్ చేసి, "కమ్మలు శానా బాగుండాయి గానీ, అంచు మీద ఆ పురుగు బొమ్మ ఏందప్పా? అది లేకుండా చేసీండి" అంది. పెంచి చూస్తే, గోరులో సగం కూడా లేని సాలెపురుగు కమ్మ మీద కూర్చుని సూటిగా మమ్మల్నే చూస్తోంది. యజమాని తిట్టాల్సినవన్నీ తిట్టాడు. మామ చెవికి ఒక్కటీ ఎక్కలేదు. "దీనికెన్ని కండ్లుండాయో చూడు పాపా!" అంటూ ఫొటో పెంచుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి భోజనాల వేళ నగల కెమెరా గోడల వెంట తిరగసాగింది. అంగడిలో బూజు దులిపే రోజు ఆయనే ముందు నడిచి, "ఈడ కాపురముండాది, ఈ మూల వదిలేయ్" అని చెప్పేవాడు.

నా భయానికి ఆయన చేసిన వైద్యం చెప్పాలి. స్టోర్ రూం కిటికీలో ఒక సాలెపురుగు ఉండేది. నన్ను గుమ్మంలో నిలబెట్టాడు. నేలంతా మన కడప బండలే కదా. "ఇయ్యాలకు ఈ బండ మీద నిల్చో, చాలు. రేపు ఇంగొక బండ" అన్నాడు. భయపడ్డానని ఎన్నడూ నవ్వలేదు. ఒక బండ వెనక్కి పోయిన రోజు కూడా, "పోనీలే, దానికీ కొంచెం తెరిపిచ్చినావు" అన్నాడు. చివరి బండ చేరి, ఊపిరి బిగబట్టి నా మొదటి ఫొటో తీశాను. పురుగు మసక, వెనకున్న గోడ స్పష్టం. "గోడ బలే వచ్చిందే" అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు: "కన్ను దొరకాల పాపా. కన్ను దొరక్కపోతే ఫొటోలో ఎవరూ లేనట్టే."

నిరుడు ఆయన చేతులు వణకడం మొదలైంది. కెమెరా నా చేతికి వచ్చింది. పోవడానికి మూడు వారాల ముందు వేంపల్లె దగ్గర కూతురి చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, పోయినప్పుడు, ఒక కొమ్మ చివర పచ్చటి సాలెపురుగు గుడ్ల మూటను కావలించుకుని కూర్చోవడం చూశాడు. ఆ తర్వాత మంచాన పడ్డాడు. నేను చూడటానికి పోతే ఒంట్లో బాధ సంగతి ఎత్తడు. "ఆ మూట తల్లే చింపుతాదా, పిల్లలే చించుకోనొస్తాయా? పోయి చూసి చెప్పు పాపా" అనేవాడు.

పోయాను. రెండు చెట్ల అవతల నిలబడి, దూరం నుంచే చూసి తిరిగొచ్చాను.

"ఇంకా పిల్లలు రాలేదు మామా" అన్నాను.

"ఎంత దూరంలో నిల్చుంటివి?"

"జానెడు."

"అట్లయితే కాళ్ల మీద ముళ్లు కనపడింటాయే. నల్లగుండాయా, పచ్చగుండాయా?"

ఆయన నా ముఖం చూసి, కిటికీ వైపు తిరిగి, "ఇంగొక దినం పో. తొందరేముంది" అన్నాడు. పనుందని వారం దాటేశాను, ఆలోపే ఆయన పోయాడు. పనేమీ లేదు, భయమే. ఆ అబద్ధం, ఆ వారం రెండూ ఇప్పటికీ నన్ను పీకుతున్నాయి.

కర్మ ముగిశాక ఆయన కూతురితో కలిసి తోటకు పోయాను. నీళ్లు పెట్టిన పాదిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. ఈసారి నిజంగానే జానెడు దూరం. ముళ్లు నల్లగా ఉన్నాయి. తల్లి బాగా చిక్కిపోయింది. మూట ఒక పక్క విచ్చుకుని ఉంది, ఇంకో పక్కన తల్లే నోటితో పోగులు ఒక్కొక్కటే లాగి తెంపుతోంది. ఆ సందులోంచి నారింజ రంగు పిల్లలు ఒకదాని మీదొకటి పడుతూ బయటికొస్తున్నాయి. కన్ను దొరికేదాకా తీశాను. తీశాక, ఈ సంగతి చెప్పడానికి జమ్మలమడుగులో ఎవరూ లేరని గుర్తొచ్చి ఏడ్చాను.

కళ్లు తుడుచుకోబోతే ఆయన కూతురు గట్టిగా అరిచింది. "చేతి మీద పురుగు! దులుపు పాపా, దులుపు!"

"ఉండక్కా" అన్నాను. "యాడికి పోతాదో చూద్దాం."

ఆవగింజంత పిల్ల. నా వేలి కణుపు ఎక్కి, దిగి, గోరు కొస దాకా పోయి ఆగింది. ముందుకాళ్లు రెండూ పైకెత్తి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటూ నిలబడింది.