ఆఫ్రికా బల్ల దగ్గర పక్కింటి ఆంటీ

నా చిన్నప్పుడు మేం బర్ దుబాయ్‌లో, బట్టల దుకాణాల పైనున్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఏదైనా సరే గళ్ళు గీసి, వరుస సంఖ్యలు వేసి రాసుకుంటే గాని నాకు తోచేది కాదు. మా అంతస్తులో ఆరు గుమ్మాలు. ఎవరు, ఏ దేశం, ఏ భాష, ఏం వండుతారు అని ఆరు వరసల పట్టిక నా దగ్గర ఉండేది.

కరోనాకి కొద్ది వారాల ముందు మా బడిలో దేశదేశాల పండుగ పెట్టారు. పిల్లలు తలా ఒక బల్ల సర్ది, దానికి తగిన అతిథిని తీసుకురావాలి. మార్కులుంటాయి. నాకు ఆఫ్రికా బల్ల వచ్చింది. పట్టిక తీశాను. పక్కింటి ఆంటీది నల్లటి ఒళ్ళు, ఉంగరాల జుట్టు. ఆమె వరసలో ఆఫ్రికా అని ఎప్పుడో రాసి పెట్టుకున్నాను. మీ ఇంటి వస్తువులేవైనా పట్టుకుని మా బడికి రమ్మని పిలిచాను. ఏ బల్లో చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

ఆంటీ లేసు అంచున్న పొడవాటి తెల్లగుడ్డ, రాగి కాఫీగిన్నె, చిన్న చిన్న కప్పులు తెచ్చింది. బల్ల మీద ఆఫ్రికా అని రాసి పెట్టిన అట్ట చదివి ఒక్క క్షణం ఆగింది. పక్కనే టర్కీ బల్ల. అక్కడికి అతిథిగా వచ్చిన పెద్దాయన ఆ గిన్నెను చూసి ఏదో అడిగాడు. ఆమె గడగడా ఆయన భాషలోనే జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మార్కులు వేసే టీచరు రెండు బల్లల అవతలే ఉన్నారు. ఈ గంటసేపూ ఆఫ్రికా అనే చెప్పమని ఆంటీని చెవిలో బతిమాలాను.

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తను పుట్టింది టర్కీలో, ఇజ్మీర్ దగ్గర పల్లెలోనట. సుల్తానుల కాలంలో ఆఫ్రికా మనుషుల్ని కొని, ఓడల్లో తెచ్చి, ఇళ్ళలో, పొలాల్లో పని చేయించుకునేవారట. తన నానమ్మకి నానమ్మ అలా వచ్చిందే. ఆ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. ఇప్పటికీ వసంతంలో దూడ పండుగ అని తమకే ప్రత్యేకమైన పండుగకి కలుసుకుంటారు.

"ఆవిడ పుట్టిన ఊరేదో మా ఇంట్లో ఎవరికీ తెలీదు నాన్నా. తెలీని ఊరు మాదని ఎలా చెప్పను? కాదని మాత్రం ఎలా అనను?"

తర్వాత ఆ పెద్దాయన చేత ఒక కొస పట్టించి రెండు బల్లలూ దగ్గరికి జరిపింది. తెల్లగుడ్డ రెండింటి మీదా పరిచింది. టీచరు వచ్చి ఇదేమిటని అడిగితే ఆంటీ నావైపు చూసింది.

"నేను అడగలేదు మిస్. ఆంటీ మొహం చూసి ఆఫ్రికా అని రాసేశాను," అన్నాను.

ఆ తర్వాత ఓడ సంగతి నాకు గుర్తున్నంత వరకు చెప్పాను. తప్పిన చోట ఆంటీ సరిదిద్దుతూ కాఫీ కాచింది. టీచరు రెండు కప్పులు తాగారు, మార్కులు మాత్రం సగమే వేశారు. ఆంటీ నన్ను తిట్టలేదు. ఆ పని సాయంత్రం మా అమ్మ చేసింది.

"పులిహోర ఇచ్చి రమ్మంటే పరిగెత్తుకెళ్తావు కదరా. గోడవతలి మనిషిని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదూ?"

ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. కొత్తవాళ్ళు పరిచయమైతే మన తెలుగువాళ్ళందరిలాగే మొదట ఏ ఊరనే అడుగుతాను. ఎవరైనా జవాబుకి తడుముకుంటే మాత్రం నేను ఏ పేరూ అందించను. వాళ్ళు ఎక్కడ మొదలుపెడితే అక్కణ్ణుంచే వింటాను.