అల్ సువైక్‌లో మూడున్నర గంటల ఎండ

మా తమ్ముడికి అంతర్వేది దగ్గర కొబ్బరితోట ఉంది. డీజిల్ ఇంజనుతో నీళ్లు తోడతాడు. సోలార్ పంపు పెట్టుకోవాలని రెండేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాడు. నేను వేసవికి మస్కట్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నానని తెలిసి, "అక్కా, అక్కడా సముద్రం పక్కనే తోటలున్నాయట. పంపులు ఎలా పనిచేస్తున్నాయో చూసి రాయి. షాపింగ్ మాల్స్ గురించి మాత్రం రాయొద్దు" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. చూడనిది రాసే అలవాటు లేదు. మా అల్లుడికి ఏటా ఖర్జూరాలు పంపే సాలిం గారి తోట అల్ సువైక్‌లో ఉంది. అక్కడికి వెళ్లి చూసి రావాలని నిశ్చయించుకున్నాను.

ఘుబ్రాలో మా అమ్మాయి ఇంటి నుంచి తోటకు నూట ఇరవై ఆరు కిలోమీటర్లు. బస్సులో వెళ్తే ఊళ్లో దిగి మళ్లీ టాక్సీ వెతుక్కోవాలి. డ్రైవరుతో సహా రోజుకు ఇరవై రియాళ్లకు ఒక ఎలక్ట్రిక్ కారు మాట్లాడాం. జూన్ రెండో వారం, ఉదయం ఆరున్నరకు కారు గుమ్మం ముందుంది. డ్రైవరు పేరు లింబాద్రి, ఊరు నిజామాబాద్ దగ్గర. ఉండేది రూవిలో, అయిదుగురితో కలిసి ఒక రూమ్‌లో. బ్యాటరీ నూరు శాతం ఉందని చూసి నా నోటుబుక్కులో రాసుకున్నాను.

కారు ఊరు దాటగానే స్పీడు నూట ఇరవైకి చేరింది. ఏసీ ఆగిపోయింది, నాలుగు అద్దాలూ దిగాయి.

"ఏవయ్యా, ఏసీ పాడైందా?"

"పాడు గాలే పెద్దమ్మా. బంద్ జేసిన. ఏసీ నడిస్తే చార్జింగ్ ఒడుస్తది."

"మరి ఈ వేగం?"

"పదకొండేండ్లు డీజిల్ ట్యాంకర్ తోలిన. ఎనభై దాటనియ్యలే కంపెనీ. ఇప్పుడైనా జర తోలనియ్యుండ్రి." అంటూ నవ్వాడు.

బర్కాలో టీకి ఆగాం. చిక్కటి కరక్ చాయ్ రెండు వందల బైసలు, పరాటా రెండు వందలు; వెయ్యి బైసలైతే ఒక రియాలు. యాభై ఎనిమిది కిలోమీటర్లకు ఇరవై ఏడు శాతం అయిపోయింది. ఈ లెక్క నాకు నచ్చలేదు. కానీ సువైక్‌కు ముందు ఒక పెట్రోల్ బంకులో చార్జర్ ఉందని అతను ధీమాగా చెప్పడంతో ఊరుకున్నాను. అది నా పొరపాటు.

టీ తాగుతూ తన సంగతి చెప్పాడు. ఇన్నేళ్లూ అతని డ్యూటీ ఈ తోటల ఇంజన్లకు డీజిల్ పోయడం. తోటలు ఒక్కొక్కటే సోలార్‌కు మారాయి, కంపెనీ ట్యాంకర్లు అమ్మేసింది. డ్రైవర్లలో నలుగురు ఇంటికి వెళ్లిపోయారు. ఇతన్ని మాత్రం కొత్త కార్ల మీద నెల రోజుల ట్రయల్‌కు ఉంచారు. దూరం డ్యూటీ ఇదే మొదటిది. సాయంత్రం బండి పదిహేను శాతానికి తగ్గకుండా తిరిగి రావాలి. దారిలో ఆగిపోయి రికవరీ బండి పిలిచినా, పదిహేను కిందికి దిగినా ముదీర్ వీసా కేన్సిల్ చేయిస్తానన్నాడట. ముదీర్ అంటే అతని మేనేజరు.

"బిడ్డ ఇంటర్ల ఉన్నది పెద్దమ్మా. ఇంకో రెండేండ్లు ఉంటె చాలు" అన్నాడు, గ్లాసు కింద పెడుతూ.

బంకు వచ్చింది. చార్జరుకు గుడ్డ కప్పి, మీద రిపేరు అని కాగితం అంటించి ఉంది. లింబాద్రి దిగి ఆ గుడ్డ ఎత్తి చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తి చూశాడు. తోటకు ఎనిమిదిన్నరకు చేరాం. నలభై ఒక శాతం. వచ్చినట్టే వెళ్తే దారిలోనే ఆగిపోతాం.

సాలిం గారు డెబ్బై ఏళ్ల మనిషి, హిందీ నాకంటే బాగా మాట్లాడతారు. ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బుల కాఫీ పెట్టారు. నేను తాగిన ప్రతిసారీ ఆ చిన్న గిన్నె మళ్లీ నిండుతోంది. "గిన్నె ఊపుండ్రి పెద్దమ్మా, లేకుంటె పోస్తనే ఉంటడు" అని లింబాద్రి చెప్పాక గానీ నాకు విముక్తి దొరకలేదు.

పంపు చూడముచ్చటగా ఉంది. పొగ లేదు, చప్పుడు లేదు. పైపులోంచి నీళ్లు తొట్టిలో పడే శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. తొట్టి నిండగానే దానంతటదే ఆగిపోయేలా పెట్టారు. ఎండ ఊరికే వస్తోంది కదా, రోజంతా ఎందుకు తోడరని అడిగాను. "అలా తోడినవాళ్ల బావుల్లోకి సముద్రం వచ్చింది. ఎండ ఊరికే వస్తుంది, తీపి నీళ్లు రావు" అన్నారాయన. తమ్ముడూ, ఈ వాక్యం కింద గీత గీసుకో.

అప్పుడే ఆయన లింబాద్రి ముఖం చూసి ఏమైందని అడిగారు. పదేళ్లకు పైగా పది రోజులకోసారి డీజిల్ తెచ్చి పోసినవాడు. ముఖం చూస్తే తెలియదా? విషయం విని గట్టిగా నవ్వారు. "నా ఇంజన్‌కి నువ్వు ఇన్నేళ్లు పోశావు. ఈ రోజు నీ దానికి నేను పోస్తాను. తీగ ఉందా?"

తీగ ఉంది. మామూలు త్రీ-పిన్ ప్లగ్గుకు పెట్టుకునే చార్జింగ్ కేబుల్, డిక్కీలో స్టెప్నీ కింద, కవరు కూడా విప్పకుండా. చిక్కు వేరేచోట వచ్చింది. తొట్టి నిండి పంపు ఆగాక ఆ కరెంటు పనివాళ్ల మూడు గదుల ఏసీలకు వెళ్తుంది. ఏసీలన్నీ నడుస్తుంటే కారుకు మిగలదు. బయట నలభై మూడు డిగ్రీలు. సాలిం గారు పనివాళ్లను పిలిచి, ఈ పూటకు అందరూ ఒకే గదిలో కూర్చుంటారా అని అడిగారు. ఆ నలుగురూ బంగ్లాదేశ్ వాళ్లు. వాళ్లలో పెద్దవాడు లింబాద్రి భుజం తట్టి, "డీజిల్‌వాలా కోసం కూర్చుంటాం" అన్నాడు హిందీలో.

పావు తక్కువ పదకొండుకు ప్లగ్గు పెట్టాం. ఒకే గదిలో ఏడుగురం. వాళ్లు అన్నం, చేపల కూర తెచ్చారు. నేను పులిహోర డబ్బా తెరిచాను. ఎవరి పళ్లెంలో ఎంత పడిందో లెక్క రాయలేదు గానీ డబ్బా ఖాళీ అయింది. వాళ్లలో ఒకడు గంటకోసారి తల మీద తువ్వాలు వేసుకుని కారు దగ్గరికి పరిగెత్తి, నంబరు చూసి వచ్చి అరిచేవాడు. "నలభై ఆరు." "యాభై." ప్రతి నంబరుకూ గదిలో చప్పట్లు. పరీక్ష ఫలితాలకు కూడా మా బడిలో అంత సందడి చూడలేదు.

ఆ మధ్యలో లింబాద్రికి పాఠం చెప్పాను. "వేగం పెరిగేకొద్దీ గాలి బండిని వెనక్కి నెట్టే బలం ఇంకా ఎక్కువ పెరుగుతుంది. అద్దాలు దింపి ఆ గాలిని లోపలికి కూడా పిలిచావు. నీ చార్జింగ్ తిన్నది ఏసీ కాదు, నీ కాలు."

"అంటె మళ్ల ట్యాంకర్ లెక్కనే తోలాలె?"

"తోలు. అద్దాలెక్కించి ఏసీ వెయ్యి."

రెండుంబావుకు యాభై ఏడు శాతంతో బయలుదేరాం. స్పీడు ఎనభై అయిదు, ఏసీ నడుస్తోంది. కూరగాయల లారీలు మమ్మల్ని దాటి పోయాయి. తర్వాత ఒక ట్యాంకరు కూడా దాటింది.

"ఇజ్జత్ పోయింది పెద్దమ్మా" అన్నాడు లింబాద్రి.

"పోనీ. నంబరు చెప్పు."

బర్కా దగ్గర ముప్పై అయిదు. నాలుగు గంటలకు పది నిమిషాలుండగా ఘుబ్రాలో మా గుమ్మం ముందు పదిహేడు. బండి పెట్టడానికి రూవికి వెళ్లక్కర్లేదు, కంపెనీ బండ్లు నిలిపే చోటు మా పక్క వీధిలోనే.

ట్రిప్ షీటులో ప్రయాణికుడు సంతకం చేయాలి, అభిప్రాయం కూడా రాయాలి. "జర మంచిగ రాయుండ్రి" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తానని చెప్పి రాశాను: వెళ్లేటప్పుడు వేగం ఎక్కువ, యాభై తొమ్మిది శాతం ఖర్చు; తప్పు తెలుసుకుని వచ్చేటప్పుడు అదే దూరం నలభై శాతంతో తెచ్చాడు. చదివించుకుని అతను షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఉదయం ఫోను చేశాడు. ముదీర్ ఆ షీటు రెండుసార్లు చదివి, మిగతా డ్రైవర్లకు ఎనభై అయిదు పాఠం నువ్వే చెప్పు అన్నాడట. వీసా నిలబడింది. ఈ ముక్క చెప్పేటప్పుడు అతని వెనక రూమ్‌లో అయిదుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

డీజిల్ పోయి ఎండ వస్తే మంచిదేనని నేను ఎన్నో ఏళ్లు బోర్డు మీద రాశాను. ఆ మార్పు మధ్యలో నిలబడ్డ మనిషి పక్క సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. అతని డ్యూటీ తీసేసిన సోలార్ పలకలే ఆ రోజు అతని డ్యూటీ నిలబెట్టాయి. అందుకు నలుగురు మనుషులు రెండు గదుల చల్లదనం వదులుకున్నారు. తమ్ముడూ, పంపు పెట్టుకో. తొట్టి నిండితే ఆగేదే పెట్టుకో.

ఇక ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఎలక్ట్రిక్ కారు ఎక్కే ముందు డిక్కీ తెరిపించి, త్రీ-పిన్ కేబుల్ ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఉందని డ్రైవరు చెప్తే సరిపోదు, ఆ డ్రైవరు లింబాద్రి అయినా సరే.