ఉస్తాద్ పెట్టని సంతకం

మా ఉస్తాద్ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున, కిష్టారెడ్డిపేటలో తన ఇంట్లోనే, చాయ్ గ్లాసు చేతికి అందించేలోపే గుండె ఆగిపోయిందట. ఫోన్ వచ్చేసరికి నేను పటాన్‌చెరు సిగ్నల్ దగ్గర బండి మీద ఉన్నాను. బండిని పక్కకు తీసి, హెల్మెట్ కూడా తీయకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. డ్యూటీకి వెళ్లే దారి మానుకుని వాళ్ల ఇంటి దారి పట్టాను.

పదకొండు కొట్టేసరికి వీధి మొదట్లో మా కంపెనీ వాళ్ల ఫ్లెక్సీ లేచింది. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖం, పక్కన ఎవరిదో భుజం ముక్క. కింద పెద్ద అక్షరాలు: ‘ఏనాడూ కాదనని మంచి మనిషికి అశ్రునివాళి’. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో ఆ మాట చదివి వినిపిస్తే, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఆయన భార్య కూడా తలెత్తింది.

“ఎవ్వలు రాసిన్రు గా మాట? ముప్పై ఏండ్లు కాపురం జేసిన. అన్నం తినుమంటే గూడ ముందుగాల కాదనే అంటుండె.”

ఆ దుఃఖంలోనే ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చచ్చినవాడి కళ్లు చారెడేసి అంటారు. కళ్లు చారెడని రాసినా ఊరుకునేవాణ్ణి. వీళ్లు ఆయన నోట్లోంచి ఒకే ఒక్క మాట పీకేశారు. ఆయన బతుకంతా నిలబడ్డది ఆ మాట మీదే. అందుకే ఇది రాస్తున్నాను.

ఉస్తాద్ విమానాల మెకానిక్. టికెట్ కొనుక్కుని మనం ఎక్కేవి కాదు, సేట్లు సొంతానికి కొనుక్కునే చిన్న జెట్లు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసే ఇల్లు. పొలం మోటార్లు విప్పి బిగిస్తూ పని నేర్చుకుని, పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకుని, విమానాలు నిలిపే షెడ్డుకు, అదే హ్యాంగర్‌కు, చేరాడు. నేను పటాన్‌చెరులో ఒక మెషిన్ షాపులో కొంతకాలం చేసి, అదే పరీక్షలు రాసి, ఆయన కిందికి వచ్చాను. మొదటి రోజు ఇంజన్ చూపిస్తాడనుకున్నాను. తోక కిందికి తీసుకెళ్లాడు.

“సేటు తలుపు ముందర ఉంటది, మన తలుపు ఎనుక ఉంటది. ఎనుక తలుపు తీసి సూడు, తయారు జేసినోడు ఎసొంటోడో తెలుస్తది” అన్నాడు.

కొన్నాళ్లకు మా హ్యాంగర్‌లో రెండు జెట్లు పక్కపక్కనే చేరాయి. ఒకదానికొకటి పోటీగా రెండు కంపెనీలు చేసినవి. ఒకటి మందుల సేటుది, రెండోది ఇనుప సేటుది. ఇద్దరి ఫ్యాక్టరీలూ మా పటాన్‌చెరు బెల్టులోనే. మేము వాటిని పొట్టిది, పొడుగుది అనేవాళ్లం. కాజీపల్లి చాయ్ హోటల్లో కూర్చున్న వాళ్లు కూడా వాటి గురించి వాదించుకునేవారు. ఏది ఎక్కువ దూరం పోతుంది, దేంట్లో సోఫా మంచమవుతుంది, దేంట్లో చప్పుడు తక్కువ. ఎన్నడూ ఎక్కనివాళ్లు, ఎక్కబోనివాళ్లు గొంతులు చించుకునేవారు. ఉస్తాద్ వింటూ చాయ్ తాగేవాడు.

ఆయన లెక్క వేరు. పొట్టిదాంట్లో సేటు నడుం వంచి నడవాలి, నిజమే. కానీ తోక తలుపు తీసి రెండు మెట్లు ఎక్కితే మెకానిక్ నిలువుగా నిలబడొచ్చు. చక్రాలనూ బ్రేకులనూ ఆడించే హైడ్రాలిక్ నూనె మట్టం కంటికి ఎదురుగా, వడపోత డబ్బా ఛాతీ ఎత్తులో. అది పూడుకుపోతే బయటికి పొడుచుకొచ్చే ఎర్ర బొత్తాం, తలుపు తీయగానే కనిపిస్తుంది. “గీసినోడు ఎన్నడో పానా వట్టినోడే” అనేవాడు ఉస్తాద్.

పొడుగుదాంట్లో సేటు నిటారుగా నడుస్తాడు. కాఫీ మిషను, మెత్తటి తివాచీ, మంచమయ్యే సోఫా. వెనక తోక తలుపులోంచి దూరాలంటే మాత్రం ఒక భుజం ముందు, ఒక భుజం తర్వాత. లోపల వెల్లకిలా పడుకోవాలి. వడపోత డబ్బా విప్పాలంటే దానికి అడ్డమున్న మరో పైపు ముందు విప్పాలి. ఎర్ర బొత్తాం చూడాలంటే పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం కావాలి, టార్చి కావాలి, మూడో చెయ్యి కూడా కావాలి. పైన పటారం లోన లొటారం అని నేను తిట్టాను. ఆయన ఒప్పుకోలేదు.

“గట్ల అనకు. ఇంజను బంగారమే. బంగారం సుట్టూ ముండ్లకంచె ఏసిన్రు, గంతే.”

ఇనుప సేటు కొనకముందు మా మేనేజరు ఉస్తాద్‌ను అడిగాడు, ఏది మంచిదని. ఆయన రెండింటి మాన్యువళ్లూ తిరగేసి నాలుగు పేజీలు తెలుగులో రాసిచ్చాడు. ఏ పని ఏ విమానంలో ఎన్ని గంటలు, ఎక్కడికి చెయ్యి పోతుంది, ఎక్కడికి పోదు. ఆ కాగితాలు మేనేజరు బల్ల మీద చాయ్ గ్లాసుల కింద పడి ఉండగా నేను చూశాను. మెకానిక్‌కు సోఫా గురించి ఏం తెలుసని మేనేజరు అన్నాడట. పొడుగుదే వచ్చింది. మే నెలలో దాని తోకలో పడుకుని పని చేసింది ఆ మాట అన్నవాడు కాదు. ఉస్తాద్ బయటికి వచ్చేసరికి చొక్కా మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు తేలేవి.

లోపలికి దూరేముందు జేబులు ఖాళీ చేసి టోపీలో పోసేవాడు. తాళాలు, చిల్లర, దువ్వెన. ఉంగరం తీసి మెడలో తాడుకు కట్టుకునేవాడు. బయటికి వచ్చాక అన్నీ లెక్క చూసుకునేవాడు. ఒకసారి దువ్వెన కనపడలేదు. తోకలో పడిందేమోనని విమానాన్ని రెండు గంటలు ఆపేసి, పలకలన్నీ విప్పి వెతికాం. చివరికి ఇంటికి ఫోన్ చేస్తే అది అద్దం ముందే ఉందట. ఆనాటి నుంచి ఆయన డ్యూటీకి దువ్వెన తేలేదు. బట్టతల రాబోతుంటే దువ్వెనెందుకని మేము ఏడిపించేవాళ్లం. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆయన నాకు ఎన్నో చెప్పాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒకటి. “చెయ్యి పోని కాడికి కన్ను పోవాలె. కన్ను పోని కాడికి సంతకం పోవద్దు.” విమానం ఎగరొచ్చని కాగితం మీద సంతకం పెట్టేది మేమే. సంతకం పడకపోతే సేటు కాదు కదా, సేటు నాయన వచ్చినా అది కదలదు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పొడుగుది ఎగరాలి. ఉస్తాద్ అద్దంతో చూస్తుంటే ఒక హైడ్రాలిక్ పైపును పట్టి ఉంచే బిగింపు కాస్త పక్కకు జరిగినట్టు అనిపించింది. పైపు ముందు సగం కనిపిస్తోంది. వెనక సగం కనిపించదు. మేనేజరు వచ్చాడు.

“నూనె కారుతుందా?”

“కారుతలేదు సార్. కానీ ఎనుక సగం కనవడ్తలేదు. పైపు ఇప్పి సూడాలె. నాలుగు గంటలు.”

“సేటు బయల్దేరిండు. పటాన్‌చెరు గూడ దాటిండు.”

“దాటనియ్యి సార్. నేను సంతకం పెట్ట.”

“అంటే? కాదంటవా?”

“కాదు” అన్నాడు ఉస్తాద్.

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. హ్యాంగర్‌లో ఇంకో ఆరుగురు విన్నారు. వాళ్లలో ముగ్గురు మొన్న ఆ ఫ్లెక్సీ కర్రలు పాతారు.

మేనేజరు నావైపు తిరిగాడు. “నీకు గూడ లైసెన్సు ఉన్నది గదా. నువ్వు సదువుకున్నోనివి, నువ్వు సూడు” అన్నాడు. ఆ ఒక్క పొగడ్తకు నేను పడిపోయాను. భయం కూడా ఉంది, అబద్ధమెందుకు. అద్దం తీసుకుని లోపలికి దూరాను. ఉస్తాద్‌కు కనిపించిన సగమే నాకూ కనిపించింది. పొడిగా ఉంది. పొడిగా ఉందని నాకు నేను మూడుసార్లు చెప్పుకున్నాను. బయటికి వచ్చి సంతకం పెట్టాను. ఉస్తాద్ పక్కనే ఉన్నాడు, టోపీలోంచి తన తాళాలు ఏరుకుంటూ. నావైపు చూడలేదు.

విమానం వెళ్లింది. మర్నాడు క్షేమంగా తిరిగొచ్చింది. “సూసినవా? ఏమన్న అయ్యిందా?” అని మేనేజరు అందరి ముందూ ఉస్తాద్‌ను ఎగతాళి చేశాడు. ఆయన భుజం వంచి తోకలోకి దూరాడు. మధ్యాహ్నానికి ఆ పైపు విప్పి బయటికి తెచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, నా బొటనవేలి గోరును ఆ పైపు వెనక వైపు మెల్లగా నడిపించాడు. ఒకచోట గోరు ఆగింది. బిగింపు లోపలి రబ్బరు అరిగిపోయి, దాని ఇనుము రాసుకుని రాసుకుని గాడి పడింది.

“తగిలిందా?”

“తగిలింది ఉస్తాద్.”

గోరు ఆగిన పైపు విమానంలో ఉండకూడదని నాకు నేర్పిందే ఆయన. అది పగలకుండా ఆగేది ఇంకో నాలుగు ప్రయాణాలో, రెండో, లేక ఆ ఒక్కటేనో, ఎవరు చెప్పగలరు? ఆ సేటుకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. పైపు మారింది, కాగితం మీద ‘మార్పు’ అని ఒక్క ముక్క పడింది. మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. వారం తిరగకముందే ఉస్తాద్‌ను విమానాల మీది నుంచి తీసేసి పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు. వయసైంది, విశ్రాంతి ఇస్తున్నామన్నారు.

ఆ రోజు గాడి పడ్డ పైపు నా చేతిలోనే ఉంది. దాన్ని అందరి ముందూ బల్ల మీద పెట్టి, తప్పు నాది, ఆయన కాదన్నదే సరైనదని చెప్పి ఉంటే ఆయన్ను కదిలించే దమ్ము ఎవరికీ ఉండేది కాదు. నేను నోరు మెదపలేదు. ఫ్లెక్సీ రాసినవాళ్ల మీద నాకు ఎంత కోపముందో, నా మీద అంతకు రెట్టింపు ఉంది. వాళ్లు ఆయన మాటను చచ్చాక చంపారు. నేను ఆయన బతికుండగానే చంపాను.

రెండేళ్లు ప్రతి పొద్దున నేను ఆ గది కిటికీ దగ్గర నిలబడి ఆయన చేతిలోంచే పానాలు తీసుకున్నాను. తీసుకున్నవాటికి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆయన రిజిస్టరును నావైపు తిప్పి, పెట్టాల్సిన గడి మీద వేలు ఆనించి, “సూసి పెట్టు” అనేవాడు. మొదట్లో దెప్పుతున్నాడనుకుని తల దించుకునేవాణ్ణి. కొన్నాళ్లకు ముఖం చూశాను. దెప్పడం లేదు. తీసుకున్నదీ రాసిందీ ఒకటేనా చూసుకోమంటున్నాడు, అంతే. అది నన్ను ఇంకా ఎక్కువ కోసేది.

ఆయన పోవడానికి ముందురోజు, సోమవారం, కిటికీ దగ్గర నా ముందు ఎవరూ లేరు. ధైర్యం చేశాను.

“ఉస్తాద్, గా దినం నేను జేసింది...”

“పదో నంబరు రాసినవ్, పదకొండు తీస్కున్నవ్” అన్నాడు నా చేతిలోకి చూస్తూ. “గిది ఇటియ్యి. సూసి పెట్టు కొడ్కా.”

చూశాను. నిజమే. మార్చుకున్నాను. సంతకం పెట్టాను. అప్పటికి వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. రేపు చెబుదాంలే అనుకుని పక్కకు జరిగాను. నాలుగడుగులు వేసి తిరిగి చూసేసరికి ఆయన నావైపు వీపు పెట్టి నిలబడి, నేను తప్పుగా తీసుకున్న పానాను గుడ్డతో తుడిచి, గోడ మీద దాని ఆకారం గీసి ఉన్నచోట తగిలిస్తున్నాడు.