పెట్టెలక్క ఇంట్లో దూది గొడవ

రేకు పెట్టెలు చేసే ఆవిడని వీధంతా పెట్టెలక్క అంటారు. ఆవిడ బిగించిన మూత తీయాలంటే కొన్నవాడికి చెమటలు పట్టాల్సిందే. అంత గట్టి మనిషీ లారీ నడిపే తమ్ముడి మాటకి మాత్రం మెత్తబడిపోతుంది. "రెండు రోజులే అక్కా" అని వాడు ఇద్దరు ఆడపిల్లల్ని దింపి పోయాడు. వానలు వెళ్ళి చలి వచ్చింది గానీ, వాడి రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ఆ పిల్లలు ఒక ప్రయోగశాల నుంచి పారిపోయి వచ్చారు. పుట్టకముందే జన్యువులు మార్చి, గోడల అవతలి మాటలు కూడా వినపడేలా వాళ్ళని తయారుచేశారట. వెతికేవాళ్ళ దగ్గర ఒక ఈల ఉంటుంది. మామూలు చెవికి అది వినపడదు, వీళ్ళకి మాత్రం చెవిలో మేకు దిగినట్టుంటుంది. ఉలిక్కిపడ్డ పిల్లల్ని పట్టుకుపోతారు.

అందుకే రోజూ పొద్దున్నే దూది గొడవ. రేకు పనివాళ్ళు మైనం అద్దిన దూది చెవుల్లో పెట్టుకోవడం మామూలే, ఎవరికీ అనుమానం రాదు. పెద్దది పెట్టుకుంటే కదా.

"దురదగా ఉంది అత్తా."

"ఉండనీ. నీ వయసప్పటి నుంచీ నాకూ దురదే."

"పక్కింటి తాత నిన్ను గయ్యాళి అంటున్నాడు, వినపడిందా?"

"వినక్కర్లేదు, తెలుసు. ముందు దూది పెట్టు."

పోనీ పని చూద్దామా అంటే అదీ అంతే. సుత్తి ఎత్తాక చూపు రివిట్ మీద ఉండాలి. ఇది వీధి చివర కుక్క తోక ఊపినా అటు తిరుగుతుంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు కొట్లోకి వచ్చారు. ఒకతని మెడలో సన్నటి ఈల. పెట్టెలక్క పిల్లల చెవుల వైపు చూసింది. ఖాళీ. దూది ఉండలన్నీ చిన్నది బల్ల మీద వరసగా పేర్చి ఆడుకుంటోంది. ఈ పిల్లల్ని ఏం చేసినా పాపం లేదనుకుంటూ పెట్టెలక్క, ఈల మోత మునిగిపోయేలా రేకు మీద గట్టిగా బాదడం మొదలుపెట్టింది.

"కాసేపు ఆపండమ్మా" అన్నాడు ఈలాయన.

ఆపక తప్పలేదు. అతను ఈల నోటి దగ్గర పెట్టుకున్నాడు. అతని బుగ్గలు పొంగేలోపే పెద్దది సుత్తి ఎత్తి తన బొటనవేలి మీదే వేసుకుంది. దాని అరుపుకి చిన్నది అక్క ఒళ్ళో తల దూర్చి బావురుమంది.

"ఎన్నిసార్లు చెప్పాలే? సుత్తి ఎత్తి మొహాలు చూడకని ఎన్నిసార్లు చెప్పాలి?" పెట్టెలక్క అందుకుంది. "మీరైనా ఏం మనుషులండీ, పని జరిగేచోట ఎదురుగా నిలబడి? బేరమా, కాలక్షేపమా?"

ఈలాయన అయినా ఊదాడు. ఏడుస్తున్న పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. ఈలకో, వేలికో ఎవరికి తెలుస్తుంది? ఆ ఏడుపుకి రెండో అతను చెవులు మూసుకుని అతన్ని బయటికి లాక్కుపోయాడు.

పెద్దది ముక్కు తుడుచుకుంటూ చెవి రిక్కించింది. "మలుపు తిరిగారత్తా. అంత చెవులున్న పిల్లలు ఆ గయ్యాళి దగ్గర ఒక్క పూటైనా నిలుస్తారా, అంటున్నాడు రెండో అతను."

పెట్టెలక్క వేలికి గుడ్డ చుట్టింది.

"కావాలనే కొట్టుకున్నా అత్తా."

"తెలుసు. చిటికెన వేలు దొరకలేదా? రివిట్ పట్టుకునే వేలే కావాల్సొచ్చిందా? ఇప్పుడీ మూతలెవరు బిగిస్తారు, మీ లారీ బాబాయా?"

పెద్దది బల్ల మీది దూది తీసి చెవుల్లో కుక్కుకుంది, మొదటిసారి ఎవరూ చెప్పకుండానే. దూది దాటి వినపడేలా పెట్టెలక్క తిట్టే గొంతు కొంచెం పెంచింది, అంతే.