లైటు ‘తెరిచే’ అమ్మాయితో పకిప్సీ ప్రయాణం

అక్టోబరు వస్తే చాలు, ఆకుల రంగులు చూడడానికి న్యూయార్క్ దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలని ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. కారేసుకుని కొండలెక్కక్కర్లేదు, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో హడ్సన్ లైను రైలెక్కి పకిప్సీ దాకా వెళ్ళి రండి అని చెబుతాను. ఆ దారి నాకు పరిచయమైంది మాత్రం ఆకుల వల్ల కాదు. ఎనభైల మధ్యలో ఒక చైనా అమ్మాయిని ఇంటర్వ్యూకి తీసుకువెళ్ళాల్సి వచ్చి మొదటిసారి ఆ రైలెక్కాను. ఆ రోజు సంగతులు చెబితే మీకు దారీ తెలుస్తుంది, ఇంగ్లీషుతో మనకుండే ఒక చిక్కూ తెలుస్తుంది.

అప్పుడు మేం జెర్సీ సిటీలో ఉండేవాళ్ళం. రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేకపోయాను. మన్‌హాటన్ చైనాటౌన్‌లో ఒక చర్చి బేస్‌మెంట్లో సాయంత్రం పూట హైస్కూలు పిల్లలకు గ్రామరు, కొత్త మాటలు, పాఠం చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం నేర్పేదాన్ని. అందరూ చైనా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు. వాళ్ళ తప్పులు చూస్తే నాకు కోపం రాకపోగా చుట్టరికం కలిసినట్టుండేది. ‘ఎ’ ఎక్కడ పెట్టాలో, ‘ద’ ఎక్కడ పెట్టాలో వాళ్ళకు తెలిసేది కాదు. మన భాషలోనూ అవి లేవు కాబట్టి నేనూ చిన్నప్పుడు వాటికోసం బాగానే చీవాట్లు తిన్నాను. ఇక లైటు సంగతి. మనం లైటు వేస్తాం. వాళ్ళు ‘తెరుస్తారు’. ‘ఓపెన్ ద లైట్’ అని రాసినప్పుడల్లా కొట్టేసి ‘టర్న్ ఆన్’ అని ఎర్రసిరాతో రాసి నా చెయ్యి అరిగిపోయింది.

ఆ క్లాసులో మేలింగ్ అనే పదహారేళ్ళ పిల్ల ఉండేది. గ్వాంగ్‌జౌ నుంచి వచ్చి రెండేళ్ళు. వాళ్ళ నాన్న మాట్ స్ట్రీట్‌లో ఒక రెస్టారెంటులో వంటమనిషి, వాళ్ళమ్మ కుట్టుమిషను మీద పనిచేసేది. పకిప్సీ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఫీజు లేకుండా ఒక సీటు ఇస్తున్నారని తెలిసి మేలింగ్ తనే అప్లై చేసింది. వ్యాసం రాసి పంపింది. ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ ఒక్క సీటు దొరికితే ఆమెకు కాలేజీ దారి పడినట్టే, లేకపోతే తల్లి పక్కన ఇంకో కుట్టుమిషను ఆమెకోసం సిద్ధంగా ఉంది. వ్యాసం విద్యార్థి సొంతంగా రాయాలని స్కూలువాళ్ళ నియమం. అందుకని నేను దాన్ని కనీసం చూడలేదు. చూస్తే నా చెయ్యి ఊరుకోదు, దిద్దేస్తాను.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మావారికి ఆ రోజు డ్యూటీ, అందుకని మా ఏడేళ్ళ లిల్లీని కూడా వెంటేసుకున్నాను. హడ్సన్ నది కింద నుంచి వెళ్ళే రైల్లో మన్‌హాటన్ చేరి, అక్కణ్ణుంచి చైనాటౌన్‌కి నడిచాం. మేలింగ్ రెస్టారెంటు వెనక గుమ్మం దగ్గర నీలం స్వెటర్‌లో నిలబడి ఉంది. వాళ్ళ నాన్న ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వేడి వేడి బన్నులున్న కాగితం సంచి నా చేతిలో పెట్టాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు పిడికెడు.

“టీచర్, మేలింగ్ గుడ్?” అన్నాడు.

“గుడ్,” అన్నాను.

“వెరీ గుడ్?”

“వెరీ గుడ్!” అన్నాకగాని ఆయన లోపలికి వెళ్ళలేదు.

కెనాల్ స్ట్రీట్‌లో సబ్‌వే ఎక్కితే గ్రాండ్ సెంట్రల్ ఎంతో దూరం కాదు. అక్కడ టికెట్ కౌంటర్ దగ్గర నా పరువు పోయింది. ఊరి పేరు స్పెల్లింగులో ఎన్ని అక్షరాలున్నాయో అన్నీ కలిపి ‘పౌగ్‌కీప్సీ’ అన్నాను. కౌంటర్లో మనిషి ‘పకిప్సీ’ అని మెల్లిగా దిద్ది టికెట్లిచ్చాడు. టీచర్ని కూడా దిద్దేవాళ్ళున్నారని మేలింగ్ మొహం వెలిగిపోయింది. టికెట్లు అప్పుడు మా సంసారానికి పెద్ద బరువనిపించలేదు. ఇప్పుడు పెరిగాయి, అయినా మన్‌హాటన్‌లో కారు పార్కింగుకి అయ్యే ఖర్చుతో పోలిస్తే నయమే. వెళ్ళేటప్పుడు తప్పకుండా ఎడమవైపు కూర్చోండి. నది మొత్తం అటువైపే ఉంటుంది.

హార్లెం దాటాక నది కనపడింది. అవతలి ఒడ్డున నిలువుగా కోసినట్టున్న రాతి గుట్టలు, వాటి మీద ఎరుపూ పసుపూ కలిసిన చెట్లు. క్రోటన్‌లో రైలు మారాం. అక్కడిదాకా కరెంటు బండి, ఆపైన డీజిల్ బండి. తరవాత కొండలు రెండువైపులా దగ్గరికి జరిగి, నది ఇరుకై, నీళ్ళ మధ్య ఒక లంకలో పాడుబడ్డ కోటలాంటి కట్టడం కనిపించింది. మేలింగ్ మాత్రం ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ‘రిలక్టెంట్’, ‘రిలెంట్‌లెస్’ అని గొణుక్కుంటోంది. ఆ రెండింటికీ తేడా అడిగింది. “నిన్ను ఇంటి నుంచి పంపడానికి మీ అమ్మ రిలక్టెంట్, పదాలు బట్టీపట్టడంలో నువ్వు రిలెంట్‌లెస్,” అన్నాను. నవ్వి పుస్తకం మూసేసింది.

బన్నుల సంచి విప్పి లిల్లీని అడిగాను. “ఆకలి వేయట్లేదా?”

“నో,” అంది.

“అయితే తిను మరి,” అని ఒకటి చేతిలో పెట్టాను.

“మమ్మీ! నో అంటే నో! నాకు ఆకలి లేదు. నువ్వు ఎవ్రీ టైమ్ ఇలాగే చేస్తావ్!” అని మొహం కిటికీవైపు తిప్పుకుంది. ఆకలి వేయట్లేదా అంటే ‘నో’ అంది, నా మాట కాదంది కాబట్టి వేస్తోందనే కదా అర్థం? ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగు ఇంతేలే అనుకుని ఆ బన్ను నేనే తిన్నాను. పంది మాంసం, తీపి కలిపిన కూర. ఇప్పటికీ ఆ రుచి నాలుక మీద ఉంది.

మధ్యాహ్నానికి పకిప్సీలో దిగాం. స్టేషన్ బయట టాక్సీ దొరికింది. డ్రైవరు పెద్దాయన, మాటకారి. అద్దంలోంచి చూస్తూ, “మీరు ఈ ఊరివాళ్ళు కాదు కదా?” అన్నాడు.

“యెస్,” అన్నాం నేనూ మేలింగూ ఒకేసారి.

“ఓహో! ఏ వీధి?” అన్నాడు ఉత్సాహంగా.

ఇద్దరం నవ్వాం. ఈ ఊరివాళ్ళం కాదని ఇప్పుడేగా చెప్పాం, మళ్ళీ వీధి అడుగుతాడేమిటి, పాపం చెవుడు కాబోలు అనుకున్నాను. లిల్లీయే “జెర్సీ సిటీ!” అని అరిచింది.

స్కూలు చక్కగా ఉంది. ఎర్రిటుక భవనాలు, పెద్ద పెద్ద మేపుల్ చెట్లు, దారంతా రాలిన ఆకులు. మేలింగ్ ముందు రాతపరీక్ష రాసింది. ఒక పేరా చదివి ప్రశ్నలకు జవాబులు రాయాలి. అది ఆమెకు నల్లేరు మీద నడక. తరవాత మిసెస్ హార్పర్ అనే ఆవిడ మమ్మల్ని తన గదిలోకి పిలిచింది. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. అడ్మిషన్ ఇచ్చేది ఆవిడే. లిల్లీ కిటికీ దగ్గర బొమ్మలేసుకుంటూ కూర్చుంది.

“పరీక్ష చాలా బాగా రాశావు. వ్యాసం కూడా బాగుంది,” అని ఆవిడ కాగితాలు ముందుకు జరిపింది. “దీన్ని నీకు ఇంకెవరూ రాసివ్వలేదు కదా?”

“యెస్,” అంది మేలింగ్ తల నిటారుగా పెట్టి.

నాకు ఏ తేడా కనిపించలేదు. చక్కటి జవాబు, తడుముకోకుండా చెప్పింది అనుకున్నాను. మిసెస్ హార్పర్ కలం ఆగిపోయింది. మేలింగ్ వంక కాసేపు చూసి, నావైపు తిరిగింది. “మీరు దీన్ని దిద్దలేదు కదా?”

“యెస్, యెస్!” అన్నాను గర్వంగా. నియమం పాటించిన టీచర్ని, ఒకసారి చాలక రెండుసార్లు అన్నాను.

ఆవిడ కలానికి మూత పెట్టింది. “నిజం చెప్పినందుకు థాంక్స్,” అని కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఆ మెత్తటి గొంతే, కానీ అందులో ఇందాకటి ఆప్యాయత లేదు. మేలింగ్ బిత్తరపోయి నన్ను చూసింది. ఏదో తప్పు జరిగింది, ఏమిటో అంతుపట్టదు. అప్పుడు టాక్సీ డ్రైవరు ‘ఏ వీధి?’ అని అడగడం గుర్తొచ్చింది. రైల్లో లిల్లీ ‘నో అంటే నో’ అనడమూ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పాను, పాఠంలో ఈ సూత్రం నేర్పాను కూడా. నోటిదాకా వచ్చేసరికి నా ‘యెస్’ అచ్చ తెలుగు ‘అవును’!

“ఒక్క నిమిషం మేడమ్,” అని లేచి నిలబడ్డాను. “మాకు ‘యెస్’ అంటే మీరన్న మాట నిజమని. ఎవరూ రాసివ్వలేదు కదా అన్నారు. అవును, ఎవరూ రాసివ్వలేదు. మీరు దిద్దలేదు కదా అన్నారు. అవును, దిద్దలేదు. మా భాషలో ఇంతే, వీళ్ళ భాషలోనూ ఇంతే. మీకు మాత్రం పని జరిగితేనే యెస్, జరగకపోతే నో.”

ఆవిడ శ్రద్ధగానే విన్నది, కానీ నమ్మినట్టు లేదు. దొరికిపోయాక అతికిన సాకులా నాకే వినిపించింది. “నేనే రాశాను,” అంది మేలింగ్ సన్నగా. “మా నాన్న గురించి రాశాను.”

మిసెస్ హార్పర్ మళ్ళీ కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఒక వాక్యం పైకి చదివింది. “మా నాన్న తెల్లవారకముందే వెళ్ళి వంటింట్లో లైటు తెరుస్తాడు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నిసార్లు చెప్పాను, అయినా తెరిచింది! “సారీ మేడమ్, అది టర్న్ ఆన్,” అని అలవాటు కొద్దీ నోరు జారాను.

ఆవిడ నన్ను చూసింది, కాగితాన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పెదాలు మెల్లిగా విచ్చుకున్నాయి. “మీరైతే దీన్ని ఉండనిచ్చేవారా?”

“చచ్చినా ఉండనివ్వను!”

ఆవిడ గట్టిగా నవ్వేసింది. “అయితే మీరు దిద్దలేదు. వేరే పెద్దవాళ్ళూ ఎవరూ రాయలేదు. ఈ పేజీలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం ఇదే తెలుసా? ఇలా తెరిచిన లైటు నేనెప్పుడూ చూడలేదు.” కలం మూత తీసి, మేలింగ్ వైపు వంగి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. “దీన్ని మనం దిద్దనక్కర్లేదు కదా?”

మేలింగ్ నోరు తెరిచింది, మూసింది. లోపల ఎన్ని లెక్కలు కట్టుకుందో. చివరికి “నో,” అంది. “నో, దిద్దనక్కర్లేదు.”

సీటు ఇచ్చినట్టేనని ఆవిడ అక్కడే చెప్పింది. బయటికొచ్చాక మేలింగ్ లిల్లీ చెయ్యి పట్టుకుని ఆకుల్లో పరుగెత్తింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. తిరుగు రైల్లో కుడివైపు కూర్చున్నాం. సాయంత్రపు ఎండ పడి నది రాగి రంగులో ఉంది. ఇద్దరు పిల్లలూ మిగిలిన బన్నులు ఖాళీ చేసి నిద్రపోయారు.

ఆ రోజు తరవాత కూడా నేను ఎర్రసిరా కలం మానలేదు. టీచర్ని, ఎలా మానతాను? కాకపోతే ప్రతి వ్యాసాన్నీ మొదటిసారి కలం లేకుండా చదవడం అలవాటు చేసుకున్నాను. తప్పు వెనక పిల్లల ఇల్లు కనిపిస్తుంది, వాళ్ళ అమ్మానాన్నల మాట వినిపిస్తుంది. అది విన్నాక దిద్దితే దెబ్బ తగలదు. ఇక ప్రయాణికులకు ఒక్క సలహా. వీసా ఆఫీసులోగాని, ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లోగాని “మీ దగ్గర తినే వస్తువులేమీ లేవు కదా?” అంటే ఉత్త ‘యెస్’ అనకండి, పెట్టె విప్పించి ఆవకాయ జాడీ కోసం వెతుకుతారు. లేకపోతే లేవని, ఉంటే ఉన్నాయని పూర్తి వాక్యం చెప్పండి.

ఈ సలహా నేనే పాటించని రోజొకటుంది. మరుసటి ఏడు సెప్టెంబరులో మేలింగ్‌ని స్కూల్లో దింపడానికి వాళ్ళ నాన్నా నేనూ వెళ్ళాం. వాళ్ళమ్మకు సెలవు దొరకలేదు. తిరుగు రైల్లో ఆయన చాలాసేపు నదినే చూస్తూ కూర్చుని, మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుని అడిగాడు. “టీచర్, మేలింగ్ ఆదివారాలు ఇంటికి రాదా?”

“యెస్,” అన్నాను.

ఇంగ్లీషువాడైతే ఆ మాటకు సంతోషపడేవాడు. ఆయన తల ఊపి, కళ్ళు తుడుచుకున్నాడు.